దుమ్ము దాచిన రాళ్ళు

పోయిన వారం రాళ్ళమ్మను కంప్యూటరు ముందు కుర్చీలో కూలబడిన చోటే వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. కప్పులో కాఫీ చల్లారిపోయింది. ఎదురుగా తెర మీద అంగారకుడి నేల, ఆ నేల నిండా రాళ్ళు. అక్కడ రాళ్ళుండవని ఏడాదిగా అందరి చెవుల్లో ఊదరగొట్టింది ఈవిడే.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు మాటల్లో చెప్పేస్తాను. అంగారకుడి మీద దిగడానికి నాలుగు కాళ్ళ యంత్రం ఒకటి తయారవుతోంది. దాని అసలు పేరు చాలా పొడుగు, అది కాగితాల మీదే ఉంటుంది. ఆఫీసులో అందరూ ‘పీత’ అంటారు. పీత ఎక్కడ దిగాలన్నది గొడవ. కొండవాలు పక్కనున్న ‘మెట్ట’ మీద దింపుదామన్నాడు మామయ్య. కాదు, నున్నటి మైదానం, అడుగునే మంచు, ‘పళ్ళెం’లో దింపుదామంది రాళ్ళమ్మ. ఆఫీసు వాళ్ళు ఆ మైదానానికి పెట్టుకున్న ముద్దుపేరు అది. ఫోటోల్లో రాళ్ళు లెక్కపెట్టే విభాగానికి పెద్ద కాబట్టి ఈవిడకు పెట్టుకున్న ముద్దుపేరు రాళ్ళమ్మ.

మామయ్య అంటే మాటవరసకు కాదు, రాళ్ళమ్మ వాళ్ళమ్మకు తోడబుట్టినవాడు. నేల సంగతులు ఆమెకు అక్షరాలు దిద్దించినట్టు నేర్పినవాడు. ఆయన కూతురు, రాళ్ళమ్మకు వదిన, పీతకు కాళ్ళు చేసే విభాగం చూస్తుంది. ఇంట్లో అలిగితే ఆఫీసులో పని ఆగేది, ఆఫీసులో కోపమొస్తే ఇంట్లో కూర మాడేది. అలాంటి కుటుంబం.

మూడు నెలల కిందట జరిగిన పెద్ద మీటింగులో మామయ్య లేచి, పళ్ళెం ఫోటోల మీద తనకు అనుమానంగా ఉందని మొదలుపెట్టాడు. రాళ్ళమ్మ ఆయన్ని ముగించనివ్వలేదు. “మామయ్యకు కంటి ఆపరేషనయ్యాక ప్రతి మరకా రాయిలాగే కనిపిస్తోంది సార్” అంది, ఆఫీసు నడిపే పెద్దసారుతో. గదంతా గొల్లుమంది. వదిన కూడా నవ్వింది. మామయ్య కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. మర్నాటి నుంచి మీటింగులకు రావడం మానేశాడు. పళ్ళెం ఖాయమైంది.

ఇప్పుడీ ఫోటో వచ్చింది.

అంత పైనుంచి తీసిన బొమ్మలో చిన్న రాయి చుక్కంత కూడా ఉండదు. అందుకని రాళ్ళు లెక్కపెట్టేవాళ్ళు రాయిని కాదు, నీడను చూస్తారు. నీడ పొడుగును బట్టి రాయి ఎత్తు లెక్కగడతారు. కాకపోతే అంగారకుడి మీద దుమ్ము తుపాను లేచిందంటే ఆకాశం వారాల తరబడి మసకబారిపోతుంది. మబ్బు పట్టిన రోజున వీధిలో నడుస్తుంటే మన నీడ మనకు కనిపించదు చూశారా, అచ్చం అదే. నీడ లేదు గనక మనమే లేమని ఎవరూ అనుకోరు. కానీ రాళ్ళు లెక్కపెట్టే ప్రోగ్రాము అలాగే అనుకుంటుంది. అందుకే ఏ ఫోటో వచ్చినా ముందు అందులో ఓ పెద్ద గుంట వెతికి, దాని గోడ నీడ ఎంత నల్లగా ఉందో చూడాలి. నల్లగా ఉంటే ఆకాశం తేటగా ఉన్నట్టు. బూడిదరంగుగా ఉంటే ఆ ఫోటో పక్కన పడేయాలి. ఈ పద్ధతి నేర్పింది మామయ్యే.

పళ్ళెం మధ్యలో పెద్ద గుంటలు లేవు. రాళ్ళమ్మ చుట్టుపక్కల ఫోటోల్లో గుంటలు చూసింది. నీడలు నల్లగా ఉన్నాయి. మధ్య ఫోటో కూడా వాటితో పాటే తీసి ఉంటారులే అనుకుంది. కాదు. అది తుపాను వెలిసిన కొత్తలో, ఆకాశంలో దుమ్ము ఇంకా అణగకముందు తీసింది. తీసిన తేదీ ఫోటో పక్కనే ఉంది, చూస్తే తెలిసేది. చూడలేదు. చూడబుద్ధి కాలేదంటే ఇంకా నిజం. ఆ ఫోటో అంత నున్నగా, అంత అందంగా, తను కోరుకున్నట్టే ఉంది మరి.

ఇవాళ వచ్చిన కొత్త ఫోటో తేటగా ఉన్న రోజున తీశారు. అందులో పళ్ళెం నడిమధ్య, పీత దిగాల్సిన చోట, మోకాలెత్తు రాళ్ళు ఎవరో కుమ్మరించినట్టున్నాయి.

ఆమె కిటికీ అద్దంలో తన ముఖం చూసుకుని చటుక్కున తల తిప్పుకుంది. అప్పుడే ఫోను మోగింది.

“ఎక్కడున్నావే?” వదిన గొంతు. “అందరూ వచ్చేశారు. నువ్వు రాకుండా పీతను పడెయ్యనంటున్నారు పెద్దసారు. పరుగెత్తు!”

చెప్పడానికి అదే సమయం. ‘వదినా, ఆపు’ అంటే సరిపోయేది. రాళ్ళమ్మ “వస్తున్నా” అంది.

పీతను పైనుంచి పడేసి, కాళ్ళు తట్టుకుంటాయో లేదో చూసే పరీక్ష జరిగే షెడ్డు ఆఫీసు వెనకాల ఉంటుంది. రేకుల కప్పు కింద పెద్ద ఇసుక గొయ్యి, గొయ్యి మీద క్రేను. క్రేనుకు పీత నమూనా వేలాడుతోంది. కింద ఇసుకలో అక్కడొకటి ఇక్కడొకటి రాళ్ళు పేర్చారు. ఎంతెంత రాళ్ళు, ఎన్ని, ఎంత ఎడంగా అన్నది రాళ్ళమ్మ మ్యాపు చూసే పేర్చారు. పిల్లలు ఆడుకునే గులకరాళ్ళ కన్నా కాస్త పెద్దవి, అంతే.

పీత కాళ్ళు పొట్టిగా ఉన్నాయి. మొదట చేసిన కాళ్ళు మెట్ట కోసం చేసినవి, పొడుగువి, బరువైనవి. పళ్ళెం ఖాయమయ్యాక వదిన వాటిని పక్కనపెట్టి, మళ్ళీ మొదటి నుంచీ గీసి, జానెడు పొట్టి కాళ్ళు చేసింది. కాళ్ళు పొట్టిగా ఉంటే పీత పొట్ట నేలకు దగ్గరవుతుంది, తవ్వే సూది మంచు దాకా దిగుతుంది. ఆ జానెడు తగ్గించడానికి వదిన పడ్డ పాట్లు రాళ్ళమ్మకు తెలుసు. పండక్కని, పెళ్ళికని, జ్వరమని సెలవు పెట్టిన పాపాన పోలేదు. నేల రాళ్ళతో నిండి ఉంటే ఇదే పొట్ట ముందు రాయికి తగులుతుంది. అప్పుడు కాళ్ళున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

“ఏమిటలా ఉన్నావు? భయమా?” వదిన ఆమె మోచెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగా ఉంది. “నాకూ భయమే. నీ మ్యాపు మీద నమ్మకంతో చేశా, మునిగితే ఇద్దరం కలిసే మునుగుదాం.”

“వదినా...” అంది రాళ్ళమ్మ.

“ఆఁ?”

“ఏం లేదు. బాగా వస్తుంది.”

క్రేను కొక్కెం విడిచింది. పీత దబ్బున ఇసుకలో పడి, కాళ్ళు ముడుచుకుని, ఒక్కసారి ఊగి నిలబడింది. ఒరగలేదు. షెడ్డు చప్పట్లతో మారుమోగిపోయింది. వదిన ఏడ్చేసింది. పెద్దసారు రాళ్ళమ్మ దగ్గరికి వచ్చి, “ఇది సగం మీదేనమ్మా. ఆ నేలను వెతికి పెట్టింది మీరు” అన్నారు. జనం ఆమె వైపు తిరిగి మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఊరికే నిలబడితే ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని రాళ్ళమ్మ కూడా కొట్టింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, చేతులు మాత్రం కొడుతూనే ఉన్నాయి.

“ఇక పాత కాళ్ళతో పని లేదుగా?” పెద్దసారు వదినను అడిగారు.

“లేదు సార్. మధ్యాహ్నం కోయించేస్తాను. ముక్కల బలం పరీక్షించుకుంటే ఆ లోహం గురించి నాలుగు సంగతులు తెలుస్తాయి.”

ఆ మాటకు రాళ్ళమ్మ చేతులు ఆగిపోయాయి. ఆ పొడుగు కాళ్ళు ఉన్నంతవరకు దారి ఉంది. పీతను మళ్ళీ మెట్ట మీదికి మళ్ళించవచ్చు. అవి కోసేస్తే ఆ లోహం మళ్ళీ తెప్పించి కొత్తవి చేయడానికి ఏడాది పడుతుంది. అంగారకుడు దగ్గరికొచ్చే అదను అన్నాళ్ళు ఆగదు. అది తప్పితే మళ్ళీ రెండేళ్ళకు పైమాటే. అప్పటిదాకా డబ్బిచ్చేవాళ్ళు ఆగుతారన్న నమ్మకం ఎవరికీ లేదు.

అయినా ఆమె నోరు పెగల్లేదు. తేలు కుట్టిన దొంగలా షెడ్డు పక్కతలుపు లోంచి బయటపడి, నేరుగా మామయ్య ఇంటికి నడిచింది. ఎందుకు వెళుతోందో ఆమెకే సరిగా తెలియదు. చివాట్లు తినడానికే అయ్యుంటుంది. ఎవరో ఒకరు తిడితే గానీ ఆ చప్పట్ల చప్పుడు చెవుల్లోంచి పోయేలా లేదు.

మామయ్య వరండాలో పాత కాగితం పరుచుకుని, టేబుల్ ఫ్యాను రెక్కలు ఊడదీసి తుడుస్తున్నాడు. మూడు నెలల్లో ఆయన మీసం పూర్తిగా నెరిసింది. ఆమెను చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు.

“పరీక్ష బాగా అయిందట. అమ్మాయి ఫోన్ చేసింది” అన్నాడు.

“మామయ్యా, నేను తప్పు చేశాను.”

ఆయన గుడ్డ తడిపి పిండాడు. రాళ్ళమ్మ ఫోనులో ఫోటో తెరిచి ముందుకు చాపింది. ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. తుపాను సంగతి, చూడని తేదీ, నిండా ఉన్న రాళ్ళు. “ఆ రోజు అందరిలో నిన్ను అంత మాటన్నాను. నీ కళ్ళను ఎగతాళి చేశాను. నిన్ను చూడ్డానికి నాకు ముఖం చెల్లడం లేదు. నాలుగు తిట్టు మామయ్యా, నీకు పుణ్యముంటుంది.”

మామయ్య తిట్టలేదు. రెక్కను వెలుతురుకేసి పట్టి చూసి మళ్ళీ తుడవసాగాడు. చాపిన ఫోను చాపినట్టే ఉంది. ఆయన దాని వైపు కనీసం చూడలేదు.

“చూడవేం?”

“ఏముందిలే చూడ్డానికి.”

“రాళ్ళున్నాయంటున్నాను! నువ్వేమో...” ఆమె ఆగింది. కళ్ళజోడు ఆయన జేబులోనే ఉంది. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. సంతోషం లేదు. కోపమన్నా ఉండాలి, అదీ లేదు. “మామయ్యా, నీకు తెలుసా?”

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“ఆ రోజు నేను లేచింది అది చెప్పడానికే” అన్నాడు మెల్లగా. “మధ్య ఫోటో తేదీ చూశాను. తుపాను వెలిసి పదిరోజులన్నా కాలేదు. ఆ మాటే చెప్పబోయాను. నువ్వు చెప్పనిచ్చావా?”

“తర్వాత చెప్పొచ్చుగా! మర్నాడు చెప్పొచ్చు. ఇంటికొచ్చి చెప్పొచ్చు. మూడు నెలలు మామయ్యా!”

“చెప్పొచ్చు.”

“మరి?”

“నవ్వారు” అన్నాడాయన. “నువ్వన్నందుకు కాదే. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, నోటికెంతొస్తే అంత. నా కూతురు నవ్వింది. సరే, నా కళ్ళు పోయాయిగా, మీ కళ్ళతోనే చూసుకోండి అనుకున్నాను. ఒక వారం పట్టుదలగా ఉన్నాను. రెండో వారం చెప్పాలనుకున్నాను. అప్పటికి అది కాళ్ళు గీయడం మొదలెట్టింది. ఇప్పుడు చెబితే, వారం కిందట ఏం చేశావు నాన్నా అంటుంది. ఏం చెప్పను? తర్వాత రోజు రోజుకీ ఇంకా కష్టమైపోయింది. రోజూ సాయంత్రం వచ్చి, జానెడు తగ్గించాను నాన్నా, ఇంత బరువు తగ్గింది నాన్నా అని చెప్పేది. నేను శభాష్ అనేవాణ్ణి.”

ఇక్కడ రాళ్ళమ్మ గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ మాట వినగానే ఆమె కడుపులో బరువు సగం దిగింది. తనకన్నా పెద్ద దోషి దొరికాడు. తనది తప్పు, ఆయనది ద్రోహం. సొంత కూతుర్ని మూడు నెలలు గోతిలోకి నడవనిచ్చాడు. ఉక్రోషం పొంగుకొచ్చింది. “నువ్వు మనిషివేనా మామయ్యా? పీత పగిలిపోయేదాకా ఇలా ఫ్యాన్లు తుడుచుకుంటూ కూర్చునేవాడివా?” అని అరిచింది. ఎదురింటి తలుపు తెరుచుకుని మూసుకుంది.

అరిచాక గానీ తను పొద్దున్నుంచి చేసిందేమిటో ఆమెకు తట్టలేదు. ఆయన నోరు నొక్కుకుని శభాష్ అన్నాడు, తను నోరు నొక్కుకుని చప్పట్లు కొట్టింది. ఆయనకు మూడు నెలలు దొరికాయి, తనకు ఒక్క పూటే దొరికింది. తేడా అంతే. ఆమె మెట్టు మీద కూలబడింది. ఇందాక దిగిన బరువు మొత్తం మళ్ళీ వచ్చి కూర్చుంది.

“పాత కాళ్ళు ఇవాళే కోసేస్తున్నారు” అంది.

మామయ్య ముఖం పాలిపోయింది. “ఎప్పుడు?”

“మధ్యాహ్నం అంది వదిన.”

“మరి ఇక్కడ కూర్చున్నావేం? పో! వెళ్ళి ఆపు!”

“నువ్వూ రా.”

ఆయన లేవబోయి ఆగాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నేలకేసి చూస్తూ, ఆమె పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ వినని గొంతుతో అన్నాడు. “ఫోటో చూపించు. తప్పు నీదని చెప్పు, అది నిజమేగా. నా సంగతి మాత్రం అమ్మాయికి చెప్పకు. నిన్ను బతిమాలుకుంటాను. దాని ముందు నన్ను నిలబెట్టకు.”

పెద్దవాళ్ళు అలా బతిమాలితే చూడలేం. రాళ్ళమ్మ అవునని అనలేదు, కాదని అనలేదు. పరుగు తీసింది.

వర్క్‌షాపు తలుపు దగ్గరికి వచ్చేసరికి రంపం మోత వినిపించింది. లోపల బల్ల మీద నాలుగు పొడుగు కాళ్ళు వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి. మొదటిదాన్ని బిగించి, రంపం మేస్త్రీ మెషీను పిడి మీద చెయ్యి వేసి ఉన్నాడు. పక్కన వదిన, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, సుద్దముక్కతో గీత గీస్తోంది.

“ఆపండి!”

మోతలో ఎవరికీ వినబడలేదు. రాళ్ళమ్మ వెళ్ళి గోడ మీదున్న ఎర్ర మీట లాగేసింది. రంపం కీచుమని ఆగింది. వర్క్‌షాపులో ఉన్న నలుగురూ తిరిగి చూశారు.

“పిచ్చెక్కిందా?” అంది వదిన.

“కోయొద్దు. నా మ్యాపు తప్పు. మధ్య ఫోటో తుపాను వెలిసిన కొత్తలో తీసింది, ఆ తేదీ నేను చూడలేదు. పళ్ళెం నిండా రాళ్ళున్నాయి. పొట్టి కాళ్ళతో దిగితే పీత పగిలిపోతుంది.” ఫోను ఆమె చేతిలో పెట్టింది.

వదిన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఫోటో చూసింది. వేళ్ళతో పెద్దది చేసి చూసింది. చాలాసేపు చూసింది. మేస్త్రీ వచ్చి ఆమె భుజం మీంచి తొంగిచూసి వెనక్కి తగ్గాడు.

“ఎప్పుడొచ్చింది ఇది?”

“పొద్దున.”

“పొద్దునంటే? పరీక్షకు ముందా, తర్వాతా?”

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ‘తర్వాత’ అంటే అయిపోతుంది, ఎవరూ కనుక్కోలేరు. “ముందే” అంది రాళ్ళమ్మ.

“ముందే తెలిసి, నా పక్కన నిలబడి చప్పట్లు కొట్టావా?”

“కొట్టాను వదినా.”

వదిన చెయ్యెత్తి కొట్టినా బాగుండేది. కొట్టలేదు. బల్ల మీద పొడుగు కాలిని ఒకసారి తడిమి, స్టూలు లాక్కుని కూర్చుంది. “నాన్న చెప్పబోయాడు ఆ రోజు” అంది. “ఫోటోల మీద అనుమానంగా ఉందన్నాడు. నువ్వు జోకేశావు, నేను నవ్వాను. ఆయన ఆ మధ్య ఫోటో తేదీ చూసుంటే ఒక్క చూపులో పట్టేసేవాడు. ఎవరూ చూపించలేదు ఆయనకు. నాన్నను మనమే ఇంట్లో కూర్చోబెట్టేశాం.” కళ్ళు తుడుచుకుని ఫోను తీసింది. “పెద్దసారుకు మీటింగు పెట్టమని చెబుదాం. మెట్ట సంగతి నాన్నే మాట్లాడాలి. నువ్వూ నేనూ పక్కన నిలబడదాం తల వంచుకుని.”

“వదినా, ఒక్క నిమిషం...”

తండ్రికి కలిపిన ఫోను అప్పటికే మోగుతోంది. వదిన దాన్ని బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది, చేతులకు గ్రీజు అంటి ఉంది మరి. వర్క్‌షాపులో అందరూ బల్ల చుట్టూ చేరారు.

“నాన్నా, అంతా తెలిసింది. పళ్ళెం ఫోటో మోసం చేసింది. నువ్వు అనుమానపడ్డదే నిజం. నన్ను క్షమించు నాన్నా, ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది.” కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఒక్కటి చెప్పు. నువ్వెప్పుడైనా ఆ మధ్య ఫోటో తేదీ చూశావా? చూసే అవకాశం ఎవరైనా ఇచ్చారా నీకు?”

అవతల మామయ్య గొంతు సవరించుకున్నాడు.

“లేదమ్మా” అన్నాడు. “నేను చూడలేదు. చూసుంటే నీకు చెప్పనా?”

వదిన మేస్త్రీ వైపు, తక్కిన అందరి వైపు గర్వంగా చూసింది. “విన్నారుగా. మా నాన్నకు తెలిసుంటే ఇంతదాకా రానిచ్చేవాడా?”

అందరూ తలలూపారు. రాళ్ళమ్మ తల కూడా ఊగబోయింది. ఒక పూటలో ఇది రెండోసారి. మరో క్షణం నోరు మూసుకుంటే చాలు, తను ఒక్కతే దోషి అవుతుంది, మామయ్య పెద్దమనిషిగా మిగులుతాడు, వదిన ఆ అబద్ధాన్ని పట్టుకుని పెద్దసారు ముందుకు వెళుతుంది. రేపెప్పుడైనా నిజం బయటపడితే అందరిలో తల దించుకునేది మాత్రం వదినే.

ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి ఫోను మీదికి వంగింది.

“మామయ్యా, నేను. ఇక్కడే ఉన్నాను. ఫోను స్పీకర్లో ఉంది, నీ కూతురితో పాటు అందరూ వింటున్నారు” అంది. “నా సంగతి నేను చెప్పేశాను. వదిన అడిగినదానికి నువ్వు ఇంకోసారి జవాబు చెప్పు.”